వెలివేత నాటి వేలంపాట

తుఫాను షెల్టరు మేడమీద మైకు పట్టుకుని తిరుమలరావు ఆ మాట అన్నప్పుడు గెడ్డమొగ ఊరి మగవాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఆడవాళ్లు మెట్ల కింద నిలబడి ఉన్నారు కాబట్టి వాళ్లకు ముందు చప్పట్లు వినబడ్డాయి. మాట తరవాత అందింది.

ఆ మాట ఇది. ఇన్నాళ్లూ మనమెవరమో మనకే తెలియక చేపలవాళ్లమని చెప్పుకు తిరిగాం. నిజానికి మనం సాగర క్షత్రియులం. రథసప్తమి వెళ్లిన దశమి నాడు విజయనగరం నుంచి పెద్దాయన ఒకరు వచ్చి అందరికీ జంధ్యాలు వేసి, గోత్రాలు చెబుతారు. ఆ పొద్దు నుంచి మన ఆడవాళ్లు తట్ట నెత్తిన పెట్టుకుని సంతకు పోరాదు. రాజుల ఇళ్లలో ఆడవాళ్లు బజారున కూర్చోరు. తీర్మానం మీరిన ఇంటిని కులం వెలివేస్తుంది.

"ఏటంటన్నాడే?" అని అడిగింది తవిటమ్మ.

రెండు మెట్లు పైకెక్కి చెవి పెట్టి వచ్చిన ఝాన్సీ, "మనం రాణీలమైపోనామంట పిన్నీ. ఇంక సంతకి ఎల్లక్కర్లేదంట," అంది.

"ఎల్లక్కర్లేదా, ఎల్లకూడదా?"

"ఎల్లకూడదంట."

"అదీ సంగతి. అక్కర్లేదంటే వరం. కూడదంటే శాపం. సప్పట్లు కొట్టినోల్లకి ఆ తేడా తెల్లేదు."

కొట్టినవాళ్లలో ఆమె మొగుడు ఎల్లాజీ కూడా ఉన్నాడు. ముందు వరసలో, కొత్త తువ్వాలు భుజాన వేసుకుని మరీ.

గెడ్డమొగలో ఒక పద్ధతి ఉంది. తెప్ప నీటిమీద ఉన్నంతసేపూ మగవాడి మాట. తెప్ప ముక్కు ఇసుకకు తగిలిందా, అక్కడినుంచి ఆడదాని మాట. చేపకు ధర కట్టేది ఆడది, వేలంపాట పాడేది ఆడది, ఐసుబండి వాడితో కయ్యానికి దిగేది ఆడది. మగవాడు వల దులుపుకుని, చుట్ట ముట్టించుకుని, తెప్ప నీడన తలగుడ్డ పరుచుకుని పడుకుంటాడు. తన వలలో పడ్డ వంజరం ఎంతకు పోయిందో పెళ్లాం చెబితే తప్ప వాడికి తెలియదు. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో, ఈ పద్ధతి ఏ పుస్తకంలోనూ లేదు గనక దాన్ని ఎవరూ శాస్త్రం అనలేదు, అలవాటు అన్నారు. తీర్మానం రాసిన వాళ్లకు అది కనబడకపోవడానికి కారణం కూడా అదే.

తవిటమ్మకు ఆ పాట అత్త దగ్గర నుంచి వచ్చింది. పెళ్లై వచ్చిన ఏడాదే ముసల్ది ఆమెను నరసన్నపేట తీసుకుపోయి, చేపల బజారులో కుళాయి పక్కన కూర్చోబెట్టి, "ఈ జాగా నాది, ఇంక నీది" అని చెప్పి లేచిపోయింది. అంతకన్నా ఆస్తి ఆమెకు ఎవరూ రాసివ్వలేదు. తండ్రి ఇంట్లో తండ్రి మాట, మొగుడి ఇంట్లో మొగుడి మాట విన్న మనిషి ఆ రేకుల షెడ్డు కింద మాత్రం పదిమంది చేత తన మాట వినిపించింది. ఇప్పుడు దశమి వస్తే ఆ జాగా పోతుంది.

ఎల్లాజీ ఇంటికి వచ్చేసరికి మనిషి నడకే మారిపోయింది.

"రాజుగారూ, కాల్లకి నీల్లిమ్మంటారా, ముందు ఏనుగుని కట్టీసి వస్తారా?" అంది తవిటమ్మ.

"ఎటకారాలొద్దే. నీకేటి తెలుసు నా బాద?"

"సెప్తే తెలుస్తాది."

ఎల్లాజీ మంచం మీద కూర్చుని కాసేపు తువ్వాలు మడతలు పెట్టాడు. "పోయినేడు కోవెలకెల్లి అర్సన సీటీ కొన్నాను, గేపకముందా? ఆ అయ్యగారు గోత్రం అడిగాడు. ఇంటిపేరు సెప్పాను. ఇంటిపేరు కాదయ్యా గోత్రం అన్నాడు. ఎనకాల లైన్లో ఉన్నోల్లు, బేగి సెప్పవోయ్ అని నవ్వుతన్నారు. నాను నోరిప్పకపోతే ఆయనే ఏదో గోత్రం పెట్టీసి సదివీసినాడు. నా మొక్కు ఎవుడి కాతాలో పడిపోనాదో ఏటో! ఆ దినం నుంచీ నాకు కోవెల మెట్లెక్కాలంటే సిగ్గు. తిరుమలరావన్న గోత్రం ఇస్తానన్నాడు. తీసుకుంటే తప్పా?"

తవిటమ్మకు నవ్వు ఆగిపోయింది. ఈ మాట అతను ఇంతవరకు ఆమెకు చెప్పలేదు.

"తీసుకో. నానొద్దన్నానా? నీ గోత్రానికీ నా తట్టకీ ఏటి సంబందం?"

"రెండూ ఒక మూటేనంట. ఇడదీసి ఇవ్వరంట."

"అయితే ఆ మూట కట్టినోడు యాపారం తెలిసినోడే," అంది తవిటమ్మ. "పుచ్చిపోయిన సరుకు అమ్మాలంటే మంచి సరుకుతో కలిపే కడతాం మేవూను."

మర్నాడు నరసన్నపేట బజారులో ఆమె తట్ట దింపీ దింపకముందే పక్కనున్న గౌరి పలకరించింది. గౌరి చింతకాయలూ పుల్ల మామిడికాయలూ అమ్ముతుంది. చేప కొన్నవాళ్లు పులుసులోకి ఆమె దగ్గర ఆగుతారు. ఇద్దరి సరుకులకూ మధ్య ఒక గోనెసంచి ఎప్పుడూ పరచి ఉంటుంది. పరిచింది తవిటమ్మే. గౌరి వాళ్లది ఊరవతల వాడ. ఆమె చేతి నీళ్లు తవిటమ్మ తాగదు. ఆ సంగతి ఇద్దరూ ఎన్నడూ పైకి అనుకోలేదు.

"ఏటప్పా, మీరు రాజులైపోనారంట గదా? మరింక నీ జాగా నాకిచ్చీ. కుళాయి దగ్గిర సల్లగుంటాది."

"ఎవులు సెప్పారే?"

"బజారంతా అదే మాట. తట్ట ఎత్తకూడదంట, నిజవేనా?"

"ఎత్తితే వెలేస్తారంట."

గౌరి పగలబడి నవ్వింది. "పైకెక్కితే ఇన్ని కట్టుబాట్లేటి తల్లీ! మా పనే నయం. మమ్మల్ని ఎప్పుడో మా తాతల నాడే వెలేసీసినారు. మా సేతి నీల్లు తాగమన్నారు గానీ, మామిడికాయలు అమ్మొద్దని ఎవుడూ తీర్మానం సెయ్యలేదు."

ఆ మాట గౌరి మామూలుగానే అంది, ఒక చేత్తో కాయలు పేర్చుకుంటూ. తవిటమ్మ చూపు మాత్రం గోనెసంచి మీదకు పోయింది. తిరుమలరావు తన ముందు కడతానంటున్న పరదా ఎలాంటిదో ఆమెకు నిన్నటినుంచీ అంతుపట్టలేదు. ఇప్పుడు తెలిసింది. అది ఈ సంచిలాంటిదే. నేసిన చేతులు వేరు, గుడ్డ ఒకటే.

ఆమె సంచి లాగి, దులిపి, తన తట్ట కింద వేసుకుంది. "నేలంతా తడిగుంది," అంది, ఎవరూ అడగకపోయినా.

కాసేపయ్యాక గౌరి మామిడికాయల కుప్పను జానెడు ఇవతలికి జరుపుకుంది. ఆ పూట బేరాల మధ్య తవిటమ్మ పరధ్యానంగా ఉంది. వెలేసినోల్లని ఎవుడూ అమ్మొద్దనలేదు. ఆ ముక్క గొంతులో చేపముల్లులా ఉండిపోయింది, మింగుడు పడక, బయటికి రాక.

ఆదివారం తిరుమలరావే ఇంటికి వచ్చాడు. అతను తవిటమ్మకు మేనమామ కొడుకు, వరసకు బావ. ఈ ఊళ్లో పుట్టి, చదువుకుని, సర్కారు కొలువు చేసి, రిటైరై విజయనగరంలో ఇల్లు కట్టుకున్న మనిషి. చేపలమ్మే ఆడవాళ్లకు పెద్దదిక్కు తవిటమ్మ. ఆమె సరేనంటే మిగిలినవాళ్లు సరేనంటారని అతనికి తెలుసు. విజయనగరం హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న తవిటమ్మ కూతురు హేమ కూడా సెలవుకని ఆ పూట ఇంట్లోనే ఉంది.

"తవిటీ, నీకు కోపమొచ్చిందని ఎల్లాజీ సెప్పాడు," అన్నాడు తిరుమలరావు కుర్చీలో కూర్చుంటూ. మైకు ముందు పుస్తకంలా మాట్లాడే మనిషి ఇక్కడ ఊరి మాటలోకి దిగాడు. "నా మాట ఇను. నా గృహప్రవేశానికి ఎదురింటాయన్ని పిలిసాను. వచ్చాడు, కూకున్నాడు, నవ్వుతా మాటాడాడు. మీరేటోల్లు అన్నాడు. సెప్పాను. అది కులమండీ, మీ వర్ణం ఏంటి, ఉన్నవి నాలుగే గదా, అన్నాడు. నానేటి సెప్పను? ఆయనే సేతి ఏల్లు సూపించి ఒక్కోటీ ముడిసీసుకుంటా వచ్చాడు. ఒకటి కాదు, రెండు కాదు, మూడు కాదు. నాలుగో ఏలు కొంచెంసేపు అలగే ఉంచి, నా మొకం సూసి, దాన్ని కూడా ముడిసీసినాడు. టీ ముట్టుకోకండా ఎల్లిపోనాడు."

తవిటమ్మ చేతిలో చాట ఆగిపోయింది. చిన్నప్పుడు తెప్ప మీదనుంచి దూకడంలో తనతో పందెం కాసిన బావ ముఖంలో ఆ ముడుచుకున్న పిడికిలి ఇంకా కనబడుతోంది.

"అందుకే సెప్తన్నాను. నాలుగు గదుల ఇల్లు. మనది ఏ గదో మనం సెప్పుకోపోతే ఎదుటోడు మనల్ని వీదిలో నిలబెడతాడు."

"ఆ ఇల్లు ఎవుడు కట్టాడు బావా? మనం దాంట్లో ఎప్పుడైనా అద్దెకున్నామేటి?"

"శాస్త్రం తవిటీ!"

"పెద్దయ్యా, ఆయన అడిగిందే తప్పు," అంది హేమ గుమ్మంలోంచి. "నాలుగని పుస్తకాల్లో ఉన్నాది. మనుషులు బతికింది కులాల్లో. అవి నాలుగా? ఇక్కడ్నించి నరసన్నపేట ఎల్లీలోపు ఎన్ని వాడలు తగుల్తాయో సూడు. ఒక ఊల్లో పెద్దోల్లనిపించుకున్నోల్లు గెడ్డ దాటితే సిన్నోల్లు. ఏ కులం ఏ గదిలోదో తేల్సలేక సదువుకున్నోల్లే ఇప్పటికీ కొట్టుకుంటన్నారు. మా కాలేజీలో ఎవుల్లనైనా నీ వర్ణమేటంటే సగం మంది సొక్కా వేపు సూసుకుంటారు."

"నువ్వు సదువుకున్నావు గనక అంటన్నావు. రేపు నీకు సంబందం సూడాలా వద్దా? సేపలమ్మి కూతురంటే ఎవుడొస్తాడు?"

"సేపలమ్మకూడదన్నోడు రాకపోతేనే మంచిది పెద్దయ్యా. మా అమ్మ తట్టే గదా నా హాస్టలు."

తిరుమలరావు తవిటమ్మ వైపు తిరిగాడు. "కోటలో రాణులు ఎప్పుడైనా బజారుకొచ్చారా?"

"వాల్లు రాలేదు. మరి కోట వంటింటికి సేప రెక్కలు కట్టుకుని ఎల్లిందా? నాలాటిదే ఎవుర్తో తట్టకెత్తి తీసుకెల్లుంటాది." తవిటమ్మ చాట పక్కన పెట్టింది. "బావా, ఆ ఎదురింటోడు నీ ముందు ఏల్లు ముడిసినాడు. నాను అక్కడుంటే ఆ టీ ఆడి నెత్తిన పోసీదాన్ని. ఆడు ఏలు ముడిసినాడని నువ్వు వచ్చి మా సేతులు కట్టీస్తావా? ఆడికి జవాబు సెప్పడానికి మేవా దొరికాం?"

"తీర్మానం అయిపోనాది తవిటీ. మీరితే సొంత మరదలని కూడా సూడను."

"సూడకు."

అతను వెళ్లిపోయాక ఎల్లాజీ మెల్లగా, "పోనీ నాలుగు దినాలు మానీ. గొడవ సల్లారేక సూద్దాం," అన్నాడు.

తవిటమ్మ అతని వైపు తిరిగింది. "మానీమంటావా? సరే. బాగానే మానీస్తాను."

మర్నాటి ఉదయం సంతకు వెళ్లే ఆటోలో తట్టల మధ్య ఇరుక్కుని ఆడవాళ్లు తిట్ల దండకం మొదలుపెట్టారు. దశమి నాడు అందరం తట్టలెత్తుకుని ఆ షెల్టరు ముందునుంచే నడిచిపోదాం అంది ఒకామె. అడ్డొస్తే చీపుళ్లు అంది ఇంకొకామె.

"సీపుర్లు ఒద్దు," అంది తవిటమ్మ. "ఆల్లు సెప్పినట్టే ఇందాం. రాణీలం గదా, రాణీల్లాగే ఉందాం. సంతకే కాదు, ఇసక మీదకి కూడా దిగొద్దు."

ఝాన్సీకి ముందు అర్థమైంది. చేపల తట్టల మధ్య కూర్చునే, చేత్తో నుదురు కొట్టుకుని, ఆటో ఊగిపోయేట్టు నవ్వింది.

దశమి నాడు తెల్లవారేసరికి షెల్టరుకు మామిడి తోరణాలు కట్టారు. విజయనగరం నుంచి కారు వచ్చింది. అందులోంచి దిగిన వేంకటాచలంగారు పండిన జుట్టుతో, సన్నంగా, ఎవరినో నొప్పించానేమో అన్నట్టు నవ్వే మనిషి. తిరుమలరావు ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి ముందు జంధ్యాల పళ్లెం పెట్టాడు. తెప్పలు ఒడ్డుకు చేరాక, చేప అమ్ముడుపోయాక, మగవాళ్లు స్నానాలు చేసి రావాలి. ముహూర్తానికి ఇంకా టైముంది.

సముద్రం ఆ రోజు చెయ్యి చాచి ఇచ్చింది. ఏ తెప్ప చూసినా కానగంత చేపలే. వలలు విదిలించేసరికి ఇసుక మీద వెండి పరిచినట్టయింది. మగవాళ్లు అలవాటుగా చుట్టలు ముట్టించి, అలవాటుగా తెప్పల నీడన చేరారు. కాసేపటికి ఒకడు తలెత్తి చూశాడు. ఇంకొకడు చూశాడు. ఒడ్డు మీద ఒక్క ఆడమనిషి లేదు.

ఉన్నది చేప కొనే ఐసుబండి వెంకీ ఒక్కడే. రోజూ తవిటమ్మ నోటికి జడిసి నాలుగు మెట్లు దిగి బేరమాడే వెంకీ ఆ పొద్దు కాలు మీద కాలు వేసుకుని బండి అంచున కూర్చున్నాడు.

"ఎవులు పాడతారు పాట?" అన్నాడు.

ఎల్లాజీ ముందుకొచ్చి గొంతు సవరించుకున్నాడు. ఒక ధర చెప్పాడు. వెంకీ దానిలో సగం చెప్పాడు. ఎల్లాజీ వెనక్కి తిరిగి తోటివాళ్ల ముఖాలు చూశాడు. వాళ్లు ఇతని ముఖం చూశారు. నిన్న ఎంతకు పోయిందో వాళ్లలో ఒక్కడికీ తెలియదు. వెంకీ ఇంకొంచెం తగ్గించాడు. "ఎండెక్కతన్నాది మావా. ఇంకాసేపైతే కోళ్ల మేతకే," అని ఓదార్చాడు. కాకులు దిగాయి. కుక్కలు వచ్చాయి. గద్ద ఒకటి తవిటమ్మ మొగుడి చేప అని కూడా చూడకుండా కుప్పలోంచి ఎత్తుకుపోయింది.

మగవాళ్లు ఊళ్లోకి పరుగెత్తారు. ఆడవాళ్లు ఎవరి అరుగు మీద వాళ్లున్నారు. పెళ్లికి కట్టుకునే చీరలు, కాళ్లకు పసుపు, తలలో కనకాంబరాలు.

"ఓసే ఝాన్సీ, లెగవే! సేప పాడైపోతన్నాది!" అని మొత్తుకున్నాడు ఆమె మొగుడు.

"రాజా, ఓసే అనకూడదు. దేవీ అనాల," అంది ఝాన్సీ గోరింటాకు చెయ్యి ఆరబెట్టుకుంటూ. "నాను ఇసక తొక్కితే మీ వంశానికి తక్కువ. పల్లకీ తే, పరదా కట్టించు, అప్పుడు ఆలోసిస్తాను."

తిరుమలరావు మైకు వదిలి తవిటమ్మ అరుగు ముందుకు వచ్చాడు. వెనక ఊరు ఊరంతా వచ్చింది. ఏం జరుగుతోందో చూద్దామని వేంకటాచలంగారూ వచ్చారు.

"ఏటిది తవిటీ? బజారుకెల్లొద్దన్నాం. ఒడ్డుకి రావొద్దన్నామా?"

"ఒడ్డు బజారు కాదేటి బావా? ఐసుబండి వెంకీ నాకు అన్నా తమ్ముడా? పరాయి మగోడితో గొంతెత్తి బేరమాడితే రాణీనెలగవుతాను? నువ్వే సెప్పు."

తిరుమలరావు వేంకటాచలంగారి వైపు తిరిగాడు. "అయ్యా, మీరే చెప్పండి. ఒడ్డున పాట పాడుకోవచ్చు, సంతకు వెళ్లకూడదు. శాస్త్రం అంతే కదండీ?"

పెద్దాయన ఇబ్బందిగా నవ్వాడు. "తిరుమలరావుగారూ, చేపల బేరం గురించి నన్నడక్కండి. నేను కోవెల్లో సేవ పాడేవాళ్లింట పుట్టాను. నలుగురికి సంగీతం చెప్పుకుని బతికాను. జంధ్యం వేసే మంత్రం వచ్చునా అన్నారు, వచ్చునన్నాను. వర్ణం సంగతంటారా, నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఏ శాఖ, ఏ ఇంటివారు, కోవెల కొలువువారా అని అడుగుతారు. కొలువువారమని చెబితే పిల్లనివ్వని ఇళ్లు మా వాళ్లలోనే ఉన్నాయి. మీరు పైమెట్టు అనుకుంటున్నారే, దాని మీదకెక్కినా మళ్లీ మెట్లే కనబడతాయి. ఇక ఆడవాళ్లు బయటికి వెళ్లడమంటే, మా ఆవిడ బాలసరస్వతి ఇంటింటికీ తిరిగి పాఠాలు చెప్పకపోతే మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. ఆమెను ఏ మెట్టు మీద నిలబెట్టాలో నాకు తెలియదు."

గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో తిరుమలరావు ముఖం కందిపోయింది. ఒకనాడు ఎదురింటాయన ముందు మింగిన అవమానమంతా ఇప్పుడు సొంత ఊరి మీద పొంగింది.

"తమాషాగా ఉందా? కట్టుబాటంటే లెక్కలేదా? అయితే ఇనండి. కులం మాట కాదని ఊరిని రొచ్చుకీడ్సినందుకు ఈ తవిటమ్మ ఇంటిని ఇప్పుడే వెలేస్తన్నాం. ఈల్లతో నిప్పు లేదు, నీల్లు లేవు, మంచీ లేదు, సెడ్డా లేదు!"

ఎల్లాజీ అరుగుకు చేరబడ్డాడు. వెలి అనే మాట ఆ ఊళ్లో చావు తరవాతి మాట.

తవిటమ్మ నిదానంగా లేచింది. చీర కుచ్చెళ్లు దోపుకుంది.

"ఇంకోపాలి సెప్పు బావా. అందరూ ఇనాల. నన్ను దేన్లోంచి వెలేసినావు?"

"కులంలోంచి!"

"ఏ కులం?"

"సాగర క్షత్రియ కులం!"

"అయితే నానిప్పుడు రాణీని కాదు."

"కాదు!"

"సేపలు అమ్మకూడదన్నది రాణీలకి గదా. వెలేసినోల్లకి అడ్డేటి?" ఆమె గుమ్మం పక్కన బోర్లించి ఉన్న తట్ట తీసి తిరగేసింది. "ఎల్లొస్తాను. ఎండెక్కతన్నాది."

ఝాన్సీ అరుగు దిగి వచ్చి తిరుమలరావు ఎదురుగా నిలబడింది. "మావా, నన్ను కూడా వెలెయ్. బేగి. గోరింటాకు ఆరిపోనాది."

"నన్నూ వెలెయ్ బాబూ," అంది వెనకనుంచి ఒక ముసలమ్మ. "మా కోడలికీ నాకూ కలిపి ఒకపాలే సెప్పీ, నీకు గొంతు నొప్పెడతాది."

ఇక ఆగలేదు. అరుగు తరవాత అరుగు ఖాళీ అయింది. పట్టు అంచు చీరలు బొడ్లో దోపుకుని, తట్టలు చంకన పెట్టుకుని, వెలి వెయ్యమంటూ వాళ్లు తిరుమలరావు చుట్టూ మూగారు. అతను నోరు తెరవకముందే వేసినట్టే లెక్కేసుకుని ఒడ్డు దారి పట్టారు.

పోతూ పోతూ ఝాన్సీ వెనక్కి తిరిగి అరిచింది. "మగ మారాజులూ! వెలేసినోల్ల సేతి కూడు తినకూడదు, తెలుసుగదా? మద్యాన్నం మీ వంటలు మీరే సూసుకోండి!"

ఎల్లాజీ ఇంకా అరుగు దగ్గరే ఉన్నాడు. షెల్టరు వైపు చూశాడు. అక్కడ పళ్లెంలో జంధ్యాలు గాలికి లేస్తున్నాయి. వెలిపడ్డ ఇంటివాడికి గోత్రం ఇవ్వరు. ఒక్క మాట అంటే చాలు, ఆ ఇల్లాలు వేరు నేను వేరు అంటే చాలు, ఇస్తారు. వేంకటాచలంగారి దగ్గరకు వెళ్లి చేతులు జోడించాడు.

"అయ్యగారూ, గోత్రం లేనోడు మొక్కితే సామికి ఇనబడదా?"

పెద్దాయన అతని చేతులు పట్టుకున్నాడు. "గోత్రం మనుషులకు కావాలి నాయనా. ఊరూ పేరూ చెప్పి మొక్కు. నీ మొక్కు నీకే చేరుతుంది."

ఎల్లాజీ మరి పళ్లెం వైపు చూడలేదు. పెళ్లాం వెనక పరుగెత్తాడు.

ఒడ్డున తవిటమ్మ పాట అందుకునేసరికి వెంకీ కాలు మీద కాలు తీశాడు. ఆమె మొదటి ధర చెప్పింది. అతను గొణిగాడు. "ఎండెక్కితే కోళ్ల మేతన్నావంట? ఎత్తు నీ బండి. ఇంకో బండి పిలుస్తాను," అంది. వెంకీ గొణగడం మానేశాడు. కాకులను తోలుతూ ఆడవాళ్లు చేప వేరుచేశారు. మెత్తబడ్డది ఉప్పుకు, గట్టిది ఐసుకు, మేలైంది సంతకు. కొంత నష్టం నష్టమే. కానీ ఒడ్డు మళ్లీ ఒడ్డులా అరుస్తోంది.

తట్టలు నిండేసరికి తిరుమలరావు ఇసుకలోకి దిగాడు. తోలు చెప్పులు దిగబడుతున్నాయి. అతని వెనక ఏడెనిమిదిమంది పెద్దలు. ఎవరి మెడలోనూ దారం లేదు. ఇళ్లలో పొయ్యి వెలిగించేవాళ్లు లేక, ఊళ్లో సగంమందిని వెలేసి క్షత్రియులైనవాళ్లు ఎంతమంది మిగులుతారో లెక్కకందక, వాళ్లు అక్కడికక్కడే మాట్లాడుకుని వచ్చారు.

"తవిటీ," అన్నాడు తిరుమలరావు. గొంతు తగ్గింది. "తీర్మానం ఆపీసినాం. మిమ్మల్నందర్నీ కులంలోకి మల్లీ కలుపుకుంటన్నాం. ఒక కొబ్బరికాయ కొట్టీ, సరిపోద్ది."

తవిటమ్మ నడుము నిటారుగా చేసి అతన్ని చూసింది. ఆమెకు అతని మీద జాలి లేకపోలేదు. ఆ ఎదురింటి మనిషి మళ్లీ ఎదురుపడతాడు, మళ్లీ వేళ్లు చూపిస్తాడు. ఆ పోరు ఇతను వెళ్లి అక్కడే చెయ్యాలి.

"ఎవుల్లని అడిగి వెలేసినావు బావా? ఎవుల్లని అడిగి కలుపుతావు?"

"పాత మాటలెందుకు..."

"పొద్దున్నదే గదా, పాతదేటి? నాను కొబ్బరికాయ కొట్టను. నన్ను కలపొద్దు. అలగే ఉండనీ. కలుపుకున్నోడికే గదా మల్లీ వెలేసీ హక్కుంటాది. ఆ హక్కు నీకు ఇంకోపాలి ఇవ్వను."

"మేవూ కొట్టం," అంది ఝాన్సీ.

"మరి... మరి మీరేటోల్లని సెప్పుకుంటారు?"

"అడిగినోడికి మాతో ఏం పనో సూసి సెప్తాం," అంది తవిటమ్మ. "జరుగు బావా, సెప్పులు పాడవుతన్నాయి."

నిండిన తట్టను ఒక మనిషే నెత్తికెత్తుకోవడం కుదరదు. ఇంకొకరు చెయ్యి వెయ్యాలి. ఇసుక మీద మగవాడు తట్ట ముట్టడం గెడ్డమొగలో ఎవరూ చూడలేదు. ఎల్లాజీ వంగి, అటు అంచు పట్టుకుని, పెళ్లాం నెత్తికెత్తాడు. నీళ్లు కారి అతని కొత్త తువ్వాలంతా తడిసింది. ఎవరో ఈల వేశారు. అతను పట్టించుకోలేదు. ఝాన్సీ తట్ట దగ్గరకు పోయాడు.

నరసన్నపేట ఆటో గట్టు మీద హారన్ కొడుతోంది. తవిటమ్మ మెడ నిలబెట్టి, తొణక్కుండా, ఇసుకలో నడిచిపోయింది.